మూడో తరగతి పాపకు రోజూ రెండు గంటల హోంవర్క్ గురించి

అమ్మా, మిర్యాలగూడలో మూడో తరగతి చదువుతున్న మీ పాప రోజూ రెండు గంటలు హోంవర్క్‌తో కూర్చుంటోందని, ఇంగ్లీషు రాని మీకు ఎలా సాయపడాలో తెలియడం లేదని రాశారు. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి వరకు హోంవర్క్ ఉండకూడదు. మూడు నుంచి ఐదు తరగతుల వారికి రెండు గంటలకు మించకూడదు, అది కూడా రోజుకు కాదు, వారానికి. అందువల్ల వారం పాటు పాప కూర్చున్న సమయాన్ని నోటుబుక్కు చివరి పేజీలో రాసి, తరగతి టీచరుకు నిదానంగా చూపించండి.

ఇక సాయం సంగతి. మహబూబ్‌నగర్ వైపు ప్రాథమిక పాఠశాలలో చెబుతున్న నేను తరచూ చూసేది ఇది: 52 లోంచి 27 తీసివేయమంటే, 2 లోంచి 7 పోదు గనుక పిల్లలు 7 లోంచి 2 తీసేసి 35 అని రాస్తారు. ఇంట్లో దిద్ది 25 అని రాయించి పంపితే ఆ పొరపాటు మాకు కనిపించదు, పాపకూ అర్థం కాదు. దానికి బదులు పల్లీలను పదేసి కుప్పలుగా పోసి, ఒక కుప్పను విప్పి తీసివేయించండి. ఎలా చేసిందో తెలుగులోనే చెప్పించండి. దీనికి ఇంగ్లీషు అవసరం లేదు. పాపది ప్రభుత్వ బడి అయితే, 2022-23 నుంచి వచ్చిన పుస్తకాల్లో ఇంగ్లీషు పాఠం పక్కనే తెలుగు పాఠం కూడా ఉంటుంది కాబట్టి ముందు తెలుగు పేజీ చదివించండి.

రాత్రి తొమ్మిదింటికి పని మిగిలినా పడుకోబెట్టి, మిగిలిందని ఒక చీటీ రాసి పంపండి.