వార్డు వదిలి రీసెర్చ్‌కు వెళ్తానంటోంది, పంపించమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి ప్రసూతి వార్డులో పనిచేస్తోంది. తల్లీబిడ్డల ఆరోగ్యం మీద రీసెర్చ్ చేస్తానని, ఎంపీహెచ్ అని ప్రజారోగ్యంలో పీజీ చదువుతానని పట్టుబడుతోంది. నర్సింగ్ చదివి సర్వేలు చేసుకుంటూ తిరుగుతుందా? దానికంటే హెల్త్ డేటా అనలిటిక్స్ కోర్సు మేలంటున్నారు. ఏది మంచిది?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. కోర్సుల పేర్లు మారినా లోపలి దిగులు ఒక్కటే, ఇంత చదివించాక పిల్ల ఎటూ కాకుండా పోతుందేమోనని. పోదండీ. ముందు ఆ టెన్షన్ తీసి పక్కన పెట్టండి.

డేటా కోర్సుల మోజు మీద నాకు అనుమానాలున్నాయి. పుట్టిన బిడ్డ 2,500 గ్రాముల కంటే తక్కువుంటే బరువు తక్కువ కింద లెక్క. చాలా రిజిస్టర్లలో అంకెలు సరిగ్గా 2.5 కిలోల దగ్గరే కుప్పపడి కనిపిస్తాయి. 2.4 తూగిన బిడ్డకు కూడా 2.5 అని రాసేస్తే, ప్రత్యేకంగా కనిపెట్టుకోవాల్సిన పసికందు లెక్కలోంచి జారిపోతుంది. కొన్ని నెలల కోర్సు చేసినవాళ్లు ఆ అంకెలతో గ్రాఫ్ బాగానే గీస్తారు. తప్పెక్కడ జరిగిందో పట్టుకోవాలంటే కాటా పక్కన నిలబడి చూసుండాలి. మీ అమ్మాయి చూసింది.

ఇక ఆ 'సర్వేలు' అన్న మాట నాకు నచ్చలేదు. కాన్పు తర్వాత పోయే రక్తాన్ని కంటితో అంచనా వేస్తే తక్కువగానే తోస్తుంది. అందుకని కొలత గీతలున్న ప్లాస్టిక్ షీటు పరిచి, రక్తస్రావం ఎక్కువని తేలగానే గర్భాశయ మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ వెంటనే చేసే పద్ధతిని నాలుగు ఆఫ్రికా దేశాల ఆస్పత్రుల్లో పరిశోధించారు. 2023లో ఫలితాలొచ్చాయి. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోసి చేసే ఆపరేషన్, మరణం, ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. వాడినవి పాత మందులే, సకాలంలో అందాయంతే. మీరు చులకన చేస్తున్న పని ఇదీ!

ఎంపీహెచ్‌కే పంపండి. ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో తేల్చే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య సమాచారాన్ని విశ్లేషించే గణాంకశాస్త్రం) గట్టిగా చెబుతారా, ఫీల్డ్ వర్క్ ఎన్నాళ్లు, పాఠం చెప్పేవాళ్లు సొంతంగా పరిశోధన చేస్తున్నారా అని అడిగి చేర్పించండి. డేటా టూల్స్ దాంతోపాటే నేర్చుకుంటుంది. మొదట్లో ఎక్కువగా దొరికేవి ప్రాజెక్టు కాంట్రాక్టులే, నిధులు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. అది దాచను. అందుకే నర్సింగ్ రిజిస్ట్రేషన్ వదులుకోవద్దని చెప్పండి, మధ్యలో ఖాళీ వచ్చినా వార్డులో పని ఉంటుంది.