మెటల్ క్యాప్, బ్రిడ్జి: పోతపోసినది మంచిదా, లేజర్‌తో చేసినదా?

ప్రశ్న: నా వయసు 46. కింది దవడలో ఒక దంతం తీసేశారు. అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి మూడు పళ్ల మెటల్ బ్రిడ్జి వేస్తామంటున్నారు. రూట్ కెనాల్ చేయించుకున్న మరో దవడ పంటికి విడిగా మెటల్ క్యాప్ కావాలన్నారు. పాత పద్ధతిలో పోత పోయించాలా, కంప్యూటర్‌లో డిజైన్ చేసి లేజర్‌తో చేయించాలా అని అడుగుతున్నారు. కొత్తది నిజంగా మేలా?

జవాబు: విడి క్యాప్‌కు ఏ పద్ధతైనా ఫర్వాలేదు. బ్రిడ్జికి మాత్రం నా మొగ్గు కొత్త పద్ధతి వైపే. ఎందుకో తెలియాలంటే ముందు పోతలో ఏం జరుగుతుందో చూడాలి.

1907లో విలియం టాగర్ట్ దంతవైద్యానికి అందించిన మైనపు పోత విధానమే నేటికీ చాలా ల్యాబుల్లో నడుస్తోంది. అరగదీసిన పంటి కొలత తీసుకుని, గట్టి జిప్సంతో దాని నమూనా పోస్తారు. సిమెంటుకు చోటుండాలని నమూనా మీద 20 నుంచి 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పూత వేస్తారు, అంచు దగ్గర మాత్రం వేయరు. దానిపై మైనంతో క్యాప్ రూపం చెక్కి, మైనపు కాడ తగిలించి, ఫాస్ఫేట్ ఇన్వెస్ట్‌మెంట్ అనే పొడి ముద్దలో పూడుస్తారు. కొలిమిలో 850–950 డిగ్రీల సెల్సియస్ వేడికి మైనం కాలిపోతుంది. మిగిలిన ఖాళీలోకి కరిగిన కోబాల్ట్-క్రోమియం లోహాన్ని గిర్రున తిప్పే యంత్రంతో నెడతారు.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఈ లోహం చల్లారేటప్పుడు సుమారు 2 శాతం కుంచించుకుపోతుంది. ఇన్వెస్ట్‌మెంట్ అంతే మేరకు ఉబ్బి ఆ తేడాను పూడ్చాలి. దాన్ని కలిపే ప్రత్యేక ద్రవంలో నీటి పాలు పెరిగితే ఉబ్బు తగ్గి, క్యాప్ బిగుతుగా వచ్చి పంటి మీద పూర్తిగా కూర్చోదు. ముద్దలో గాలి బుడగ మిగిలితే క్యాప్ లోపల లోహపు గుండ్లు తేలతాయి. కాడ మరీ సన్నగా ఉంటే అది కలిసే చోట లోహంలో రంధ్రాలు పడతాయి. మైనం అంచు మరీ పలచనైతే లోహం అక్కడిదాకా పారదు. బ్రిడ్జి విషయంలో ఇంకో ముప్పు: నమూనా నుంచి తీసేటప్పుడు మైనం కాస్త వంగినా మూడు పళ్ల చట్రమంతా మెలిక పడుతుంది. నోట్లో పెడితే ఒక వైపు కూర్చుని రెండో వైపు లేస్తుంది. అప్పుడు చట్రాన్ని కోసి, మళ్లీ అతికించాల్సి వస్తుంది.

లేజర్ పద్ధతిలో మైనమూ పోతా ఉండవు. కంప్యూటర్‌లో పంటి స్కాన్ మీద క్యాప్‌ను డిజైన్ చేసి, సిమెంటు చోటును కూడా అంకెల్లోనే ఇస్తారు. ఆర్గాన్ లేదా నైట్రోజన్ నిండిన గదిలో మెత్తటి లోహపు పొడిని ఒక ప్లేటు మీద 20–50 మైక్రాన్ల పొరలుగా పరుస్తూ, కావలసిన చోటే లేజర్ కరిగిస్తుంది. ఇందులోనూ తప్పులు జరుగుతాయి. పొర పొరా వేడెక్కి చల్లారడం వల్ల లోహంలో ఒత్తిడి నిలిచిపోతుంది. ప్లేటు మీద ఉండగానే కొలిమిలో వేడిచేసి ఆ ఒత్తిడిని తీసేయాలి. తొందరపడి ముందే కోస్తే బ్రిడ్జి విల్లులా లేస్తుంది. లోహపు బిళ్లను చెక్కే మిల్లింగ్ అని మరో పద్ధతి ఉంది. దాని బర్ (గిర్రున తిరిగి చెక్కే పనిముట్టు) మొన కంటే ఇరుకైన మూలను అది చెక్కలేదు. అందుకే పన్ను పదునైన అంచులతో అరిగి ఉంటే క్యాప్ లోపల వదులుగా వస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నోట్లో తీసిన కొలత తప్పితే ఏ యంత్రమూ దిద్దలేదు. చిగురు కింది అంచు నోటి స్కానర్‌కు కనబడాలంటే దారంతో చిగురును పక్కకు నెట్టి, రక్తం, లాలాజలం లేకుండా ఆరబెట్టాలి. అంచు దగ్గర సందు 120 మైక్రాన్లు మించకూడదన్నది 1971 నుంచీ వైద్యులు పాటిస్తున్న ప్రమాణం. జాగ్రత్తగా చేస్తే రెండు పద్ధతులూ దాన్ని అందుకుంటాయి.

బ్రిడ్జి మీద పింగాణీ వేసేట్టయితే, అంతకు ముందే ఉత్త మెటల్ చట్రాన్ని నోట్లో పెట్టి చూడమని అడగండి. ఒక చివర వేలితో నొక్కితే రెండో చివర కదలకూడదు. డాక్టర్ సన్నటి మొన పరికరంతో అంచు చుట్టూ తడిమి చూస్తారు, అది ఎక్కడా తగులుకోకూడదు. విడి క్యాప్ విషయంలో పన్ను ఎత్తు ముఖ్యం. అరగదీశాక దవడ పన్ను కనీసం 4 మిల్లీమీటర్లు నిలవకపోతే ఏ పద్ధతిలో చేసిన క్యాపైనా ఊడిరావచ్చు.

కృత్రిమ నగలు పెట్టుకుంటే మీకు దురద వస్తుందా? అయితే ముందే చెప్పండి, నికెల్ లేని లోహం కావాలని ల్యాబుకు రాయిస్తారు. అతికించాక కొరికినప్పుడు ఆ పన్నే ముందు తగులుతుంటే అలవాటవుతుందిలే అని ఊరుకోకండి, ఒకటి రెండు రోజుల్లో వెళ్లి సరిచేయించుకోండి. బ్రిడ్జిలో నడిమి పన్ను కింద రోజూ సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ (పళ్ల సందులు తోమేది) పోనివ్వండి. అక్కడ వాసన వచ్చినా, చిగురు నుంచి పదేపదే రక్తం కారినా ఎక్స్‌రే తీయించాలి.