క్విటోకు అమ్మానాన్నలతో వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

అన్నయ్యనీ వదిననీ తీసుకుని డాలస్ నుంచి ఈక్వడార్ రాజధాని క్విటో వెళ్తున్నావంటే చాలా సంతోషమేసింది. మామయ్య ఉద్యోగరీత్యా అక్కడ ఉన్న రోజులన్నీ గుర్తొచ్చాయి. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. దిగిన రోజు మధ్యాహ్నమే రోప్‌వే ఎక్కుతామని రాశావు. ముందు అది కొట్టెయ్.

క్విటో సముద్రమట్టానికి 2,850 మీటర్ల ఎత్తున ఉంది. మన అరకు కంటే మూడు రెట్లు పైనే. అక్కడ గాలి పలచన. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, తలనొప్పి, రాత్రి నిద్ర పట్టకపోవడం కుర్రాళ్లకైనా వస్తాయి. ఒంటికి అలవాటయ్యే దాకా ఆగడమే మందు. విమానాశ్రయం ఊళ్లో లేదు, తబబేలా అనే చోట ఉంది. ఆ ప్రాంతం ఎత్తు సుమారు 2,400 మీటర్లే. మొదటి రాత్రి ఆ దగ్గర్లోనే పడుకుని, మర్నాడు నెమ్మదిగా ఊళ్లోకి రండి. మా ఇంటికొచ్చే చుట్టాలందరికీ ఇదే చెప్పేదాన్ని. మొదటి రెండు రోజులు మంచినీళ్లు బాగా తాగండి, రాత్రి భోజనం తేలిగ్గా కానివ్వండి. అన్నయ్యకి బీపీ ఉంది కాబట్టి బయల్దేరే ముందే డాక్టర్ని కలవండి. ఎత్తుకు వేసుకునే మాత్రలు ఆయన చెబితేనే వాడండి. తలనొప్పితో పాటు వాంతులైనా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఆ రోజు ప్రోగ్రామంతా పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

ఆ రెండు రోజులూ వృథా అనుకోకు. పాత ఊరు తీరిగ్గా తిరగడానికే ఉంది. 1978లో యునెస్కో మొట్టమొదటి వారసత్వ జాబితా వేసినప్పుడే అందులో క్విటో ఉంది. ప్లాసా గ్రాందేలో చెట్ల కింద బెంచీ చూసుకుని కూర్చోండి. ఎదురుగా అధ్యక్షుడి భవనం, పక్కన కెథడ్రల్, బూట్లు పాలిష్ చేసేవాళ్లు, కబుర్లు చెప్పుకునే ముసలివాళ్లు. అక్కణ్ణించి నాలుగడుగులు వేస్తే లా కంపానియా చర్చి. 1605లో మొదలుపెట్టి పూర్తి చేయడానికి 160 ఏళ్లు పట్టింది. లోపల గోడలు, స్తంభాలు, పైకప్పు అంతా బంగారు రేకే. గబగబా చూసి వచ్చేయకు. ఒక స్తంభం దగ్గర ఆగి, చెక్కిన తీగల్ని కింద నుంచి పైదాకా చూడు. బసిలికా చర్చికి కూడా వెళ్లండి. గోడల మీంచి ముందుకు పొడుచుకొచ్చిన బొమ్మలు ఇగ్వానాలు, తాబేళ్లు, ఆర్మడిల్లోలు. ఈక్వడార్ జంతువులన్నీ అక్కడే ఉన్నాయి. గోపురం పైకి నిలువు నిచ్చెనలున్నాయి, వదినని మాత్రం ఎక్కించకు.

పనెసియో గుట్ట మీద రెక్కలున్న మేరీమాత విగ్రహానికి టాక్సీలోనే వెళ్లి అదే టాక్సీలో రండి. ఆ దారిలో నడిచేవాళ్లను దోచుకోవడం మామూలే. చీకటి పడ్డాక పాత ఊళ్లో కాలినడక వద్దు. ఎవరైనా మీ బట్టల మీద ఏదో పడిందంటూ తుడవడానికి వస్తే ఆగకండి, అది జేబులు కొట్టేవాళ్ల ఎత్తు. కొన్నేళ్లుగా ఆ దేశంలో ముఠాల గొడవలు ఎక్కువయ్యాయి, టికెట్లు కొనే ముందు ఒకసారి వార్తలు చూడు.

డబ్బుకి ఇబ్బంది లేదు, 2000 నుంచి అక్కడ అమెరికా డాలరే నడుస్తోంది. కాకపోతే యాభై, వంద నోట్లకు చిల్లర పుట్టదు. ఒకట్లు, ఐదులు బాగా పెట్టుకో.

వదిన శాకాహారి అని టెన్షన్ పడకు. లోక్రో దె పాపా అని బంగాళదుంప సూప్ ఉంటుంది, చిక్కగా, పైన చీజ్ ముక్క, అవకాడో వేసి ఇస్తారు. చికెన్ ఉడికించిన నీళ్లతో చేశారేమో అడిగి తినండి. ప్రతి బల్ల మీదా ఆహీ అనే కారం గిన్నె ఉంటుంది. చెట్టు టమాటా, మిరపకాయ కలిపి నూరతారు, అచ్చం మన రోటి పచ్చడిలా ఉంటుంది. అన్నం అన్నిచోట్లా దొరుకుతుంది.

రోప్‌వే మూడో రోజో నాలుగో రోజో పెట్టుకోండి. అదీ పొద్దున్నే. మధ్యాహ్నానికి మబ్బులు కమ్మేస్తాయి. తెరిపిగా ఉంటే దూరంగా మంచు కప్పుకున్న కోతోపాక్సి అగ్నిపర్వతం కనిపిస్తుంది. పైన దాదాపు 3,950 మీటర్లు, చలి కొరికేస్తుంది, స్వెట్టర్లు మర్చిపోవద్దు. ఎండ కూడా తక్కువ అనుకోకండి. భూమధ్యరేఖ, దానికి తోడు అంత ఎత్తు. మబ్బు పట్టినా చర్మం మాడుతుంది. టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

భూమధ్యరేఖ స్మారకం ఊరికి ఉత్తరాన ఉంది. అక్కడ గీసిన పసుపు గీత మీద ఫొటో దిగండి, అసలు రేఖ మాత్రం అక్కడికి సుమారు 240 మీటర్ల దూరంలో పోతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు భూమిని కొలవడానికి అన్ని కొండలెక్కి వచ్చారని అన్నయ్యకి చెప్పు, ఆయన లెక్కల మాస్టారు కదా, మురిసిపోతాడు.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి. ఈక్వడార్ నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్. అరవై దాటినవాళ్లకు ఆ టీకా వేయడానికి డాక్టర్లు ఆలోచిస్తారు. అందుకని క్విటో నుంచి వచ్చాక అమ్మానాన్నలను పది రోజులైనా నీ దగ్గరే ఉంచుకుని, ఆ తర్వాత హైదరాబాద్ పంపించు. మార్చిన ప్లాన్ నాకు పంపు, మళ్లీ చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్త