జర్నీ అన్న ఒక్క మాటకి ఇరవై వాక్యాలు రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల కోసం నువ్వు రాసి పంపిన ఇరవై ఉదాహరణ వాక్యాలూ నిన్న రాత్రి కూర్చుని చదివాను, ఒకసారి కాదు రెండుసార్లు. గ్రామర్ పరంగా నిన్ను అనడానికి ఏం లేదు. కానీ ఇవి చదివిన పిల్లాడికి జర్నీ అంటే ఏంటో తెలుస్తుందా అంటే మాత్రం, చాలా వాటిల్లో తెలియదనే నాకనిపించింది.

మొదటిదే తీసుకుందాం. "అవర్ జర్నీ వాజ్ వెరీ గుడ్." ఆ జర్నీ అన్న మాట మీద వేలు పెట్టి మూసేసి చదువు. అక్కడ ఫుడ్ పెట్టొచ్చు, టీచర్ పెట్టొచ్చు, సినిమా పెట్టొచ్చు, ఏది పెట్టినా వాక్యం నిలబడుతుంది. అంటే నీ వాక్యం ఆ మాటని తెచ్చి కూర్చోబెట్టింది గానీ దాని గురించి ఏమీ చెప్పలేదు. ఇప్పుడిది చూడు. "ద జర్నీ టుక్ నైన్ అవర్స్ బికాజ్ ద బస్ బ్రోక్ డౌన్ ట్వైస్." మాట మూసేసినా తొమ్మిది గంటలు, బస్సు, అది రెండుసార్లు చెడిపోవడం, ఇవన్నీ కలిసి చదివేవాణ్ణి ప్రయాణం దగ్గరికే తీసుకెళ్తాయి. రాసిన ప్రతి వాక్యానికీ ఈ వేలు పరీక్ష పెట్టుకో, నేను ఇన్నేళ్ళుగా ఇప్పటికీ పెట్టుకుంటున్నాను.

అక్కడ ట్రిప్ అన్నా సరిపోతుంది కదా అంటావేమో, సరిపోతుంది, అందుకే అసలు పని అక్కడ మొదలవుతుంది. ట్రిప్ అంటే వెళ్ళడం, అక్కడ ఉండడం, తిరిగి రావడం అంతా కలిపి. జర్నీ అంటే ఒకచోటు నుంచి ఇంకోచోటుకి చేరేదాకా దారిలో గడిచేది. "ద ట్రిప్ వాజ్ లవ్లీ బట్ ద జర్నీ హోమ్ వాజ్ టైరింగ్" అని రాశావనుకో, ఒక్క దెబ్బకి రెండు మాటలూ విడిపోతాయి, నువ్వు ప్రత్యేకంగా వివరణ ఇవ్వక్కర్లేదు. నీ పన్నెండో వాక్యంలో "షార్ట్ బిజినెస్ జర్నీ" అని ఉంది చూడు, ఆఫీసు పని మీద రెండు రోజులు వెళ్ళొస్తే దాన్ని బిజినెస్ ట్రిప్ అనే అంటారు, మార్చెయ్. పైగా మనవాళ్ళకి ట్రిప్ అంటే ఇంకో గొడవ ఉంది, ఇసుక మూడు ట్రిప్పులు తోలామంటాం, మోటారు ట్రిప్ అయిందంటాం, కాబట్టి చదివేవాడి తలలో ఆ మాట ఖాళీగా లేదని గుర్తుపెట్టుకుని రాయాలి.

ట్రావెల్ దగ్గర నేనే బోల్తా పడ్డాను. కొత్తలో ఒక చిన్న పుస్తకానికి వాక్యాలు రాసిస్తూ "ఐ హ్యాడ్ ఎ లాంగ్ ట్రావెల్" అని రాసేశాను, ఎవరూ పట్టుకోలేదు, అది అలాగే అచ్చయిపోయింది, తర్వాత ఒక పిల్ల నోట్‌బుక్‌లో అదే వాక్యం గుండ్రటి చేతిరాతలో, కింద గీత గీసి మరీ కనిపించింది. ఆ గీత ఇంకా కళ్ళముందే ఉంది. ట్రావెల్ అనేది నీళ్ళలాంటి మాట, ఒకటి రెండు అని లెక్కపెట్టలేం, ముందు ఎ పెట్టకూడదు. లెక్కపెట్టాలంటే జర్నీయో ట్రిప్పో కావాలి. నువ్వు రాసింది ఎవరో బట్టీ పడతారు తమ్ముడూ, అందుకే ఇంత చెబుతున్నా.

ఇంకో చిక్కు మన ప్రయాణం అన్న మాటతో. నీ ఎనిమిదో వాక్యం "టుమారో ఈజ్ అవర్ జర్నీ", ఇది ముందు తెలుగులో అనుకుని రాశావని చూడగానే తెలిసిపోయింది. మనం "రేపే మా ప్రయాణం" అంటే రేపు బయల్దేరుతున్నామని. "ప్రయాణం ఎప్పుడు?" అంటే ఎప్పుడు బయల్దేరతారని. జర్నీకి ఆ బయల్దేరడం అన్న అర్థం లేదు, అక్కడ "వియ్ ఆర్ లీవింగ్ టుమారో" అనాలంతే. అలాగే ప్రయాణం చేశాను కదా అని "డిడ్ ఎ జర్నీ" అనకు, మేడ్ ఎ జర్నీ, లేదా వెంట్ ఆన్ ఎ జర్నీ. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో చూపించడానికే ఉదాహరణ ఉన్నది.

ఆ మాట పుట్టుక కూడా తెలుసుకో, వాక్యంలో పెట్టడానికి కాదు, నీ కోసం. పాత ఫ్రెంచిలో రోజు అన్న మాట నుంచి వచ్చింది జర్నీ, మొదట్లో ఒక రోజులో నడిచే దూరం అనే అర్థం ఉండేది. జర్నల్ కూడా ఆ కుదురుదే. అందుకే కాబోలు ఇప్పటికీ ఆ మాటకి గంటలూ దూరాలూ అంత బాగా అతుకుతాయి.

ఊహించి రాయడం కంటే విని రాయడం మేలు. 1755లో వచ్చిన తన ఇంగ్లిష్ డిక్షనరీకి శామ్యూల్ జాన్సన్ రచయితల పుస్తకాల్లోంచి వాక్యాలు ఏరుకున్నాడు, 1987లో వచ్చిన కోబిల్డ్ అనే ఇంగ్లిష్ డిక్షనరీవాళ్ళు కంప్యూటర్లో పోగేసిన నిజమైన ఇంగ్లిష్ లోంచి తీసుకున్నారు. మనకి అంత సరంజామా లేకపోయినా చెవులున్నాయి.

వెయిట్ లాస్ జర్నీ, సక్సెస్ జర్నీ లాంటివి ఆరు రాశావు, ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్, అది కూడా చివర్లో పెట్టు. ముందు బస్సూ రైలూ తెలియాలి కదా.

పదిహేడోది మాత్రం ముట్టుకోవద్దు. "షీ స్లెప్ట్ ఫర్ మోస్ట్ ఆఫ్ ద జర్నీ." ఆరేడు మాటల్లో కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న మనిషి కనబడింది నాకు, జర్నీకి ఒక పొడుగు ఉంటుందని కూడా దానంతటదే తెలిసిపోయింది. ఇది నువ్వు ఎవరినో చూసి రాసి ఉంటావు. మిగతావి కూడా అక్కడినుంచే మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు, ఇరవై వద్దు, ఎనిమిది చాలు.

ఉంటాను,
అన్నయ్య