హైవే పక్కన ఎదుగుతున్న ఊళ్ళకు మాస్టర్ ప్లాన్ వేసేటప్పుడు జనాన్ని ఎలా కలుపుకోవాలి?

అభిప్రాయ సేకరణ సభ ఎలా పెట్టాలని అడిగారు. సభ తర్వాతి సంగతి. ప్రతి రైతుకూ తన సర్వే నంబరు కనిపించే నక్షా ముందు చేతికి రావాలి. అది రాకుండా పెట్టే సభలో మైకు పట్టుకునేది నలుగురే.

44వ జాతీయ రహదారి మీదున్న కామారెడ్డినే చూడండి. పట్టణ ముసాయిదా ప్లాన్‌లో చుట్టుపక్కల ఊళ్ళ పంట పొలాలు కొన్ని పరిశ్రమల జోన్‌లోకి, కొన్ని 100 అడుగుల రోడ్ల కిందికి వెళ్ళాయి. 2023 జనవరి 5న రైతులు కలెక్టరేట్ ముందు బైఠాయించారు. జనవరి 20న మున్సిపల్ పాలకవర్గం ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే జరిగింది. జోన్ మారినంత మాత్రాన భూమి పోదని అధికారులు చెప్పిన మాట చట్టం ప్రకారం నిజమే. కానీ రోడ్డు గీత పడ్డ భూమిని కొనేవాడు రాడు, పరిశ్రమల జోన్‌లో ఇంటికి అనుమతి రావడం కష్టం. ఆడపిల్ల పెళ్ళికి అర ఎకరం అమ్ముకుందామనుకున్న మనిషికి ఆ గీతే నష్టం.

అసలు చిక్కు స్కేలుతో మొదలవుతుంది. 1:20,000 స్కేలు నక్షాలో 100 అడుగుల రోడ్డు ఒకటిన్నర మిల్లీమీటర్ల గీత, ఎకరం చేను 3 మిల్లీమీటర్ల చుక్క. అందులో ఎవరి పొలం ఎవరికి కనబడుతుంది? అదే నక్షాను ఊరివారీగా 1:4,000లో తీస్తే ఎకరం ఒకటిన్నర సెంటీమీటర్లు దాటుతుంది, సర్వే నంబరు రాయడానికి చోటుంటుంది. నలుచదరంగా ఉన్న ఎకరం చేను మధ్య నుంచి ఆ రోడ్డు పోతే (ఎకరానికి 40 గుంటల లెక్కన) దాదాపు 19 గుంటలు పోతాయని అప్పుడు లెక్కకు అందుతుంది.

గ్రామ నక్షాను ఉపగ్రహ చిత్రం మీద పరిచాక గుడి, చెరువు అలుగు, మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే రాయి సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడాలి. 30 మీటర్లు జరిగితే ఒకరి రోడ్డు ఇంకొకరి చేలో పడుతుంది. చిత్రం ఎండాకాలానిదైతే వరి కోసిన మడి బీడులా కనబడుతుంది, ప్లాన్‌లోని భూమి వాడకం పట్టికలోకి ఖాళీ భూమిగా ఎక్కుతుంది. అందుకే నక్షాలో జోన్ల రంగులు వేయకముందే ఊరి పెద్దమనుషులతో, చెరువు నీళ్ళు పొలాలకు వదిలే నీరటితో కలిసి నడవాలి. ఏ వాగు ఎటు పొంగుతుందో, ఏ కుంట పూడిపోయిందో వాళ్ళకే తెలుసు.

సభ నాట్ల రోజుల్లో, పగటిపూట పెట్టొద్దు. రాత్రి ఏడు తర్వాత పెట్టండి. తండాలకు, ఆడవాళ్ళకు, కౌలు రైతులకు విడిగా పెట్టండి. పట్టా లేనివాడి మాట పట్టాదారు ముందు బయటికి రాదు. ప్రకటన తెలుగులో ఉండాలి. ఇంగ్లీషు పేపర్లో ఓ మూల వేసి జనానికి చెప్పామనడం అన్యాయం.

ముసాయిదా ఇప్పటికే వచ్చేసి ఉంటే అభ్యంతరం ఎలా రాస్తారన్నదే ముఖ్యం. ‘మాకు రోడ్డు వద్దు’ అని వందమంది ఒకే జిరాక్సు మీద సంతకాలు చేస్తే దాన్ని ఒకే అభ్యంతరంగా లెక్కేసి పక్కన పెట్టే ప్రమాదం ఉంది. ఎవరిది వాళ్ళే రాయాలి: సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, ఇప్పుడు ఏం పండుతోంది, బోరు ఎక్కడుంది, ప్లాన్‌లో ఏం చూపించారు, బదులుగా ఏం చేయొచ్చు. పక్కనే బండ్ల బాట ఉంటే ఏయే సర్వే నంబర్ల మధ్య ఉందో రాసి, రోడ్డును దాని మీదుగా తిప్పమనండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఏ అభ్యంతరాన్ని ఎందుకు తోసిపుచ్చారో జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో చెప్పాలి.

అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల రింగురోడ్డు విషయంలో నాకు నచ్చింది టౌన్ ప్లానింగ్ స్కీమ్ పద్ధతి. గుజరాత్ 1976 చట్టం కింద వచ్చే ఆ స్కీముల్లో రోడ్డు గీత మీద ఉన్నవాడొక్కడే మునిగిపోడు. స్కీములో ఉన్న యజమానులంతా తలా కొంత వదులుకుంటారు, తిరిగి ప్లాటు తీసుకుంటారు. ఎఫ్ ఫారంలో ప్రతి యజమానికీ ఒక వరుస ఉంటుంది: పాత ప్లాటు, కొత్త ప్లాటు, రావాల్సిన డబ్బు, కట్టాల్సిన డబ్బు. మన ఊళ్ళలో సభకు పిలిచేముందు ఇలాంటి వరుస ఒకటి తెలుగులో అచ్చేసి ఇంటింటికీ ఇవ్వండి.