చమురు బావి దగ్గర్లో ఇల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కొలరాడోలో ఉంటున్నాం. మా కాలనీ దగ్గర కొత్త డ్రిల్లింగ్ ప్యాడ్‌కి (చమురు బావులు తవ్వే స్థలానికి) దరఖాస్తు పడింది. ఇరుగుపొరుగు అందరూ గట్టి నిబంధనలు కావాలంటున్నారు. ఇంతమంది కోరితే సరిపోదా?

జవాబు: సరిపోదండి. మీ రాష్ట్రంలో జరిగిందే చూడండి. కొత్త బావులు ఇళ్లకు 2,500 అడుగుల దూరంలో ఉండాలన్న ప్రతిపాదన 112 మీద 2018 నవంబరులో ఓటింగ్ జరిగితే, 55 శాతం మంది వద్దన్నారు. అక్కడితో ఉద్యమం ఆగలేదు. 2019 ఏప్రిల్‌లో సెనేట్ బిల్లు 181 చట్టమైంది. అంతవరకూ తవ్వకాలను ప్రోత్సహించడమే ప్రధాన పనిగా ఉన్న రాష్ట్ర చమురు, గ్యాస్ కమిషన్‌కు, నియంత్రించి ప్రజల ఆరోగ్యాన్ని, పర్యావరణాన్ని కాపాడే బాధ్యత వచ్చింది. 2020 నవంబరులో ఆ కమిషనే 2,000 అడుగుల దూరం, అంటే సుమారు 610 మీటర్లు, ఖాయం చేసింది.

అయితే దీనికి మినహాయింపులున్నాయి. ఆ పరిధిలోని ఇళ్ల యజమానులు, అద్దెకున్నవారు అందరూ అన్నీ తెలిసి రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఇంకా దగ్గరగా తవ్వనివ్వడం అందులో ఒకటి. కాబట్టి కంపెనీ మనిషి తెచ్చే కాగితం మీద గుమ్మంలోనే సంతకం పెట్టకండి. పూర్తిగా చదివి, లాయరుకు చూపించి, ఆ తర్వాతే తేల్చుకోండి.

అభ్యంతరం రాసేటప్పుడు 'ఆరోగ్యం పాడవుతుంది' అని ఊరుకుంటే అధికారి దాన్ని అనుమతి పత్రంలో షరతుగా రాయలేడు. దరఖాస్తు నంబరు, మ్యాపు మీద కొలిచిన మీ ఇంటి దూరం, అడిగే ప్రతి షరతుకూ ఒక కొలత (ఎన్ని అడుగులు, ఎన్ని రోజులు వంటిది) ఇవ్వండి. వందమంది ఒకే ఉత్తరాన్ని కాపీ చేసి పంపడం కంటే, పదిమంది తమ తమ దూరాలు వేసి రాసినవి ఎక్కువ పనిచేస్తాయని మా అభిప్రాయం. గడువు తేదీ నోటీసులోనే ఉంటుంది, దాటనివ్వకండి.

ప్రశ్న: ఏ షరతులు అడగాలి? వాసన రాకపోతే భయం లేనట్టేనా?

జవాబు: వాసనను నమ్ముకోవద్దు. ముడిచమురులో ఉండే బెంజీన్ అనే రసాయనం వాసన మనకు తెలిసేసరికే గాలిలో దాని పాళ్లు చాలా ఎక్కువై ఉంటాయి. అది క్యాన్సర్ కారకం. గాలిలో ఇంతవరకు ఉంటే ఏమీ కాదని చెప్పగల పరిమితి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

లీకులు తరచుగా వచ్చే చోటు ట్యాంకు పైమూత. సెపరేటర్‌లో (చమురును, గ్యాస్‌ను, నీటిని విడదీసే పరికరంలో) ఒత్తిడి మీదున్న ముడిచమురు ట్యాంకులోకి దిగగానే, సోడా కొట్టినట్టు బుస్సుమని అందులో కరిగిన గ్యాస్ పైకి వస్తుంది. ఆ గ్యాస్ ఒక గొట్టం గుండా కంబస్టర్ అనే మండించే పరికరానికి వెళ్లి కాలిపోవాలి. గొట్టం సన్నగా ఉన్నా, అందులో ద్రవం నిలిచినా ట్యాంకులో ఒత్తిడి పెరిగి మూత లేస్తుంది. మూత కింది గాస్కెట్ (సందు మూసే రబ్బరు పట్టీ) ఎండి పగిలినా అంతే. ట్యాంకులో చమురు మట్టం కొలిచిన మనిషి మూత సరిగా బిగించకపోవడమూ మామూలే. బెంజీన్ ఆ గ్యాస్‌తోపాటే బయటికి వస్తుంది, కంటికి కనబడదు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో మాత్రం పొగలా కనిపిస్తుంది.

అందుకే మొదటి షరతుగా అసలు ట్యాంకులే లేని ప్యాడ్ అడగండి. చమురు నేరుగా పైపులైనులోకి పోవాలి. అది కుదరదంటే నెలనెలా కెమెరా తనిఖీ, ప్యాడ్ సరిహద్దులో నిరంతరం గాలి కొలిచే పరికరాలు, డీజిల్‌కు బదులు కరెంటుతో నడిచే రిగ్ (తవ్వే యంత్రం) అడగండి. లీకు దొరికాక ఎన్ని రోజుల్లో బాగుచేయాలో కూడా షరతులోనే ఉండాలి. సహజవాయువులో ప్రధానంగా ఉండే మీథేన్ లీకులను నేరుగా నియంత్రించిన మొదటి అమెరికా రాష్ట్రం కొలరాడోయే. ఆ 2014 నిబంధనలు మరమ్మతు మొదలుపెట్టడానికి 5 పనిదినాలే ఇచ్చాయి.

ప్రశ్న: మాకు సొంత నీటి బావి ఉంది. ఎప్పుడు పరీక్ష చేయించాలి?

జవాబు: డ్రిల్లింగ్‌కు ముందే. ముందటి లెక్క లేకపోతే తర్వాత వచ్చిన మార్పును రుజువు చేయడం చాలా కష్టం. బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్, మీథేన్, క్లోరైడ్, బేరియం, మొత్తం కరిగిన లవణాలు చూపించండి. నమూనాను ఫిల్టరుకు ముందున్న కుళాయి నుంచి పట్టాలి. బెంజీన్ కోసం ల్యాబు ఇచ్చే 40 మిల్లీలీటర్ల గాజు సీసాను అంచుదాకా నింపి, తలకిందులు చేసి చూడండి. బుడగ కనబడితే ఆ నమూనా పనికిరాదు, ఆవిరయ్యే రసాయనాలు ఆ గాలిలోకి పోతాయి. సీసాలో ముందే యాసిడ్ ఉంటుంది, కడగకండి. మంచులో పెట్టి పంపండి, 14 రోజుల్లో పరీక్ష అయిపోవాలి. తాగునీటిలో బెంజీన్‌కు అమెరికా పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు.

ప్రశ్న: కొత్త బావుల గొడవ సరే, ఇళ్ల పక్కనే ఉన్న పాత బావుల మాటేమిటి?

జవాబు: 2,000 అడుగుల లెక్క కొత్తగా వచ్చే బావులకే. 2017 ఏప్రిల్‌లో మీ రాష్ట్రంలోని ఫైర్‌స్టోన్ పట్టణంలో, ఎప్పుడో తెగిన సన్నటి ఫ్లోలైను (బావి నుంచి చమురు, గ్యాస్ మోసే భూగర్భ పైపు) ఇంకా బావికి కలిపే ఉండడంతో గ్యాస్ మట్టిలోంచి ఇంట్లోకి చేరి పేలుడు జరిగింది. ఇద్దరు చనిపోయారు. ఇల్లు కొనేముందు కమిషన్ వెబ్‌సైట్‌లోని మ్యాపులో బావులు, ఫ్లోలైన్లు రెండూ చూడండి. బావి మూసేశారని ఉంటే, దాని ఫ్లోలైనును కూడా బావి నుంచి విడదీసి సీలు చేశారా అని రాతపూర్వకంగా అడగండి. బేస్‌మెంటులో మీథేన్ అలారం పెట్టించండి. బావి గ్యాస్‌లో వంటగ్యాస్‌లాగా వాసన కలపరు, అందుకని ముక్కుతో పసిగట్టలేం.