కోశారా, మళ్లించారా, ఎత్తేశారా?

సందేహం: మేము అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగరంలో ఉంటున్నాం. 2020 ఆగస్టులో మా నగర మండలి పోలీసు బడ్జెట్‌ను దాదాపు మూడో వంతు తగ్గిస్తూ తీర్మానం చేసింది. ఆ వార్తను తెలుగులో చదివిన మా నాన్నగారు ఫోను చేసి, "మీ ఊళ్లో పోలీసులను ఎత్తేశారట కదా, రాత్రిళ్లు తలుపులు సరిగా వేసుకోండి" అన్నారు. ఎత్తేయలేదని చెప్పాను గాని, చేసిందేమిటో తెలుగులో చెప్పలేకపోయాను. ఇప్పటికీ మా మిత్రుల మధ్య ఆ వాదన వచ్చినప్పుడల్లా ఒకరు 'నిధుల కోత' అంటారు, ఒకరు 'నిధుల మళ్లింపు' అంటారు. మరొకరు 'నిర్నిధీకరణ' అనే మాటను తయారుచేశారు. 'డీఫండ్ ద పోలీస్' అనే నినాదానికి సరైన తెలుగు ఏది? 'కోత విధించారు', 'కోత పెట్టారు' అనే వాటిలో ఏది ఒప్పు?

సమాధానం: ముందుగా మీ నాన్నగారి పక్షాన ఒక మాట. ఆయన 'ఎత్తేశారు' అనలేదు, 'ఎత్తేశారట' అన్నారు. కళ్లతో చూసినది కాదు, ఎవరో చెప్పగా విన్నది అని తెలిపే ఆ 'ట' ఎంతో జాగ్రత్తగా వేసిన అక్షరం. వార్త రాసినవారు ఆ పాటి జాగ్రత్త పడలేదు. 'రద్దు' అని శీర్షిక పెట్టి ఉంటారని నా ఊహ. రద్దు అరబ్బీ నుంచి వచ్చి మన కచేరీలలో స్థిరపడిన మాట. రైల్వేవారి 'పాక్షిక రద్దు'ను మినహాయిస్తే, రద్దులో సగం రద్దు, పావు రద్దు అనేవి ఉండవు. మూడో వంతు తగ్గిన దానిని రద్దు అంటే మిగిలిన రెండు వంతులూ ఏమైనట్టు?

అయితే ఆ గందరగోళం తెలుగు విలేకరితో మొదలైనది కాదు. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసుల చేతిలో జార్జి ఫ్లాయిడ్ మరణించిన తరువాత వీధుల్లో మోగిన నినాదం అది. దానిని పలికినవారే తలా ఒక అర్థం చెప్పారు. పోలీసు శాఖే ఉండకూడదని కొందరు, దాని డబ్బులో కొంత తీసి వైద్యానికీ ఇళ్లకూ ఇవ్వాలని కొందరు. ఇంగ్లీషులోని ఆ 'డీ' అనే ముక్క ఇంత తీయడానికీ, మొత్తం తీయడానికీ కూడా సరిపోతుంది. ఊరేగింపులో అది సౌకర్యమే, ఎవరికి కావలసిన అర్థం వారు చెప్పుకోవచ్చు. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. తగ్గించు, ఆపు, మళ్లించు, ఎత్తివేయి అనే వాటిలో ఏదో ఒక క్రియను ఎంచుకోక తప్పదు, ఎంచుకున్న వెంటనే ఒక పక్షం చేరినట్టే. అందుకే ఈ నినాదాన్ని అనువదించే ముందు, పలికిన మనిషిని 'ఎంత?' అని అడగాలి. మినియాపొలిస్‌లో 2021 నవంబరులో పోలీసు శాఖ స్థానంలో ప్రజా భద్రతా శాఖను పెట్టాలా అని ఓటర్లను అడిగారు, వారు వద్దన్నారు. 'ఎత్తివేత' అనే మాట అక్కడికి కొంతవరకు నప్పుతుంది. బహుశా మీ నాన్నగారు చదివిన వార్త రెండు ఊళ్లను ఒకే మూట కట్టి ఉంటుంది.

ఇక మీ ఊరి లెక్క. ఆ ఏడాది పోలీసు శాఖకు అనుకున్న మొత్తం సుమారు 43 కోట్ల 40 లక్షల డాలర్లు. అందులో సుమారు 15 కోట్లు తగ్గిస్తామన్నారు. ఆ 15 కోట్లూ ఒకే కుప్ప కాదు. కొత్త పోలీసుల శిక్షణ తరగతులను ఆపడం వంటి చర్యలతో వెంటనే తీసి ఇతర సేవలకు ఇచ్చినది 2 కోట్లకు కాస్త పైన. ఇది కోత, సందేహం లేదు. నేర పరిశోధన ప్రయోగశాల, అత్యవసర సాయం కోరుతూ 911 నంబరుకు వచ్చే ఫోన్లను అందుకునే విభాగం వంటి వాటిని పోలీసు శాఖ నుంచి విడదీసి వేరే చోట చేర్చడానికి ఉద్దేశించినది సుమారు 8 కోట్లు. అక్కడ పని ఆగదు, ఆ పని చేసేవారి జీతాలూ ఆగవు, పద్దు మాత్రం మారుతుంది. దీనిని కోత అనడం అన్యాయం. ఒకే ఇంట్లో బియ్యం పెద్ద డబ్బాలోంచి చిన్న డబ్బాలోకి పోసి, బియ్యం తగ్గాయనడం లాంటిది. దీనికి 'బదలాయింపు' అనే ఆఫీసు మాట చక్కగా సరిపోతుంది. మిగిలిన సుమారు 5 కోట్లను, భద్రతను మరోలా ఆలోచించాలంటూ విడిగా ఒక నిధి కింద చూపించారు. దానికి 'పక్కన పెట్టారు' అంటే చాలు. మీ మిత్రుల్లో 'కోత' అన్నవారు మొదటి కుప్పను చూస్తున్నారు, 'మళ్లింపు' అన్నవారు రెండో కుప్పను. ఇద్దరూ 15 కోట్లకూ ఒకే పేరు పెట్టబోవడం వల్ల తగవు తెగడం లేదు.

'మళ్లింపు' విషయంలో నాకొక అభ్యంతరం ఉంది. మళ్లించడం పుట్టుకతో చెడ్డ మాట కాదు. చేలో పడ్డ పశువులను మళ్లిస్తాం, కాలువ నీటిని మళ్లిస్తాం. కాని నిధుల పక్కన చేరేసరికి దానికి దోషం అంటుకుంది. పంచాయతీల నిధులు మళ్లించారని సర్పంచులు ధర్నా చేస్తారు, ఉపప్రణాళిక నిధులు మళ్లించారని ప్రతిపక్షం నిలదీస్తుంది. ఇవ్వవలసిన చోట ఇవ్వకుండా వేరే చోట వాడేశారన్న నిందే అందులో వినిపిస్తుంది. నగర మండలి పట్టపగలు, ఓటింగు పెట్టి చేసిన పనికి ఆ మాట వాడితే, వినేవారికి అక్కడేదో గూడుపుఠాణి జరిగిందనిపిస్తుంది. ఆ నిర్ణయం మీకు నచ్చకపోతే విమర్శించండి, మాట చాటున మాత్రం వద్దు.

కోత సంగతి ఇంకా రుచికరం. మేయు నుంచి మేత, నేయు నుంచి నేత, పూయు నుంచి పూత వచ్చినట్టే కోయు నుంచి కోత వచ్చింది. పల్లెలో కోత అంటే నష్టం కాదు, ఇంటికి గింజ వచ్చే కాలం. పైరు కోతకు వచ్చిందంటే ముఖాలు వెలుగుతాయి. కడుపుకోత, ఊచకోత వేరే దారిన వెళ్లాయి. గొప్పలు చెప్పేవాడి కోతలు మరో దారి. కరెంటు కోత నుంచి జీతాల కోత దాకా మనం విసుగుతో పలికేవి మాత్రం ఆఫీసుల కాలపు కోతలు. మీ ప్రశ్న పోలీసుల గురించి కాబట్టి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. మన ఊళ్లలో కావలి కాసిన తలారికి చాలా చోట్ల నెల జీతం ఉండేది కాదు. కోతలయ్యాక కళ్లంలో రాశి కొలిచేటప్పుడు, రైతు ఇంటికి తోలుకుపోకముందే, ఊరి పనివారికి ఇంత అని కొలిచి ఇచ్చేవారు. ఆ గింజలను 'మేర' అనేవారు. అంటే ఊరి కావలి మనిషికి కోత అంటే జీతం అందే రోజు! ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శాసనాల్లో కనిపించే 'మహాతలవర' అనే బిరుదుకూ మన తలారికీ చుట్టరికం చూపించే పండితులున్నారు. బిరుదు అంత పెద్దది, చేతికొచ్చినవి కుంచాల లెక్క గింజలు.

'నిర్నిధీకరణ' కట్టిన మీ మిత్రుడికి వ్యాకరణం తెలుసు. సంధి కుదిరింది, ప్రత్యయం కుదిరింది. నోరే కుదరలేదు. నాలుగడుగులు నడుస్తూ ఆ మాటను గట్టిగా రెండుసార్లు అని చూడమనండి. పైగా మన పాత స్థలపత్రాల్లో 'నిధి నిక్షేప జల పాషాణ' అంటూ వచ్చే నిధి భూమిలో దొరికే ధనం. బహువచనంలో 'నిధులు' అన్నప్పుడే మనకు ప్రభుత్వం డబ్బు గుర్తుకొస్తుంది. ఏకవచనంలోంచి కట్టిన సమాసం లంకెబిందెలు ఎత్తుకుపోయినట్టుంది.

మరి నినాదానికి సమానమైనది మన వ్యవహారంలో బొత్తిగా లేదా అంటే, వీధిలో లేదు గాని చట్టసభలో ఉంది. మన దగ్గర పోలీసు శాఖ ఖర్చు నగరపాలక సంస్థది కాదు, రాష్ట్రానిది. రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలులో శాంతిభద్రతలూ పోలీసూ రాష్ట్రాల జాబితాలో మొదటి రెండు అంశాలు. శాసనసభలో శాఖలవారీ పద్దులపై చర్చ జరిగేటప్పుడు సభ్యులు కోత తీర్మానాలు ఇస్తారు. 203వ అధికరణం ప్రకారం సభ పద్దును ఆమోదించవచ్చు, నిరాకరించవచ్చు, తగ్గించవచ్చు, పెంచడానికి మాత్రం వీలులేదు. పార్లమెంటు సంప్రదాయంలో ఈ కోతలు మూడు రకాలు. ఫలానా ఫిర్యాదు వినిపించడానికి 100 రూపాయలు తగ్గించమనేది ఒకటి, పొదుపు కోసం ఇంత మొత్తం తగ్గించమనేది ఒకటి. మూడోది మీకు పనికొచ్చేది: శాఖ విధానమే తప్పని చెప్పదలిస్తే, మొత్తం పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని కోరతారు. ఆ రూపాయితో శాఖ నడవదని కోరినవారికీ తెలుసు. మీ వీధి నినాదంలో ఉన్న కోపమంతా ఆ ఒక్క రూపాయిలో ఉంది. (చర్చకు పెట్టిన దశలో అది ప్రతిపాదనే, సభ ఒప్పుకుంటేనే తీర్మానం. కాని 'అవిశ్వాస తీర్మానం వీగిపోయింది' అని రాయడానికి అలవాటుపడిన వాళ్లం, 'కోత తీర్మానం' ఒక్కదాన్ని దిద్ది ప్రయోజనం లేదు.)

ఇక 'విధించు', 'పెట్టు'. శిక్ష, జరిమానా, పన్ను, ఆంక్ష, ఇవి విధించేవి. పైవాడు కిందివాడి మీద మోపితే విధించడం. నగర మండలి తన సొంత శాఖకు తానిచ్చే డబ్బు తగ్గించుకుంటే అక్కడ విధించినదేమీ లేదు, 'తగ్గించింది' అంటే తీరిపోతుంది. 'కోత పెట్టింది' అన్నా తప్పు కాదు, కాస్త ఎత్తిపొడుపు ధ్వనిస్తుంది. 'గండి కొట్టింది', 'ఎసరు పెట్టింది' అనేవి సంపాదకీయాలకు వదిలేయండి. అయితే మీ కథలోనే 'విధించు'కు అచ్చంగా సరిపోయే చోటు ఒకటుంది. 2021లో టెక్సస్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. రెండున్నర లక్షలకు మించి జనాభా ఉన్న నగరం పోలీసు బడ్జెట్‌ను తగ్గిస్తే, ఆ నగరానికి రావలసిన అమ్మకపు పన్నులో రాష్ట్రం కొంత పట్టుకోవచ్చు, ఆస్తిపన్ను రాబడిని పెంచుకోనివ్వకుండా ఆపవచ్చు. ఇది నికార్సుగా కోత విధించడం! ఆ ఆగస్టులోనే మీ మండలి పోలీసు బడ్జెట్‌ను 44 కోట్ల డాలర్లు దాటించింది. దానిని 'పెంచారు' అనేవారూ ఉంటారు, 'తిరిగి ఇచ్చారు' అనేవారూ ఉంటారు. విడదీసినవి మళ్లీ వచ్చి చేరిన మేరకు 'తిరిగి చేర్చారు' అనండి, పాత మొత్తాన్ని మించినంత వరకే 'పెంచారు' అనండి.

మరో చిన్న హెచ్చరిక. మీరు ఇంటికి ఫోను చేసినప్పుడు 'ఇక్కడ కానిస్టేబుల్ ఎన్నికలు' అని చెబితే నవ్వుతారు. టెక్సస్‌లో కానిస్టేబుల్ ఓట్లతో గెలిచే అధికారి, షెరీఫ్ కూడా అంతే. మనకు ఆ మాట వింటే లాఠీ పట్టుకుని కూడలిలో నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. 'ఎన్నికైన పోలీసు అధికారి' అని ఒక ముక్క కలపండి. 'స్థానిక చట్ట అమలు సంస్థలు' అని మాత్రం దయచేసి అనకండి, అలా మాట్లాడే తెలుగువాడిని నేనింతవరకు చూడలేదు.

మీ నాన్నగారికి చెప్పవలసిన వాక్యం ఇది: "ఇక్కడ పోలీసులకు డబ్బిచ్చేది నగరమే నాన్నగారూ. 2020లో అందులో కొంత తగ్గించారు, అంతకంటే ఎక్కువ భాగాన్ని వేరే పద్దులకు మార్చారు. ఏడాది తిరగకుండానే రాష్ట్రం పట్టుబడితే మళ్లీ చేర్చారు. తలుపులు వేసుకునే పడుకుంటున్నాం."